పిట్టగోడ కట్టిన మనిషి: శ్రీ వరాహగిరి వేంకటగిరిగారి జీవిత కథ

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, యాకోబు 5:4



మోషే ధర్మశాస్త్రములో ఇల్లు కట్టువానికి ఒక చిన్న ఆజ్ఞ కలదు. క్రొత్త యిల్లు కట్టినవాడు పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెను. కట్టక విడిచినయెడల, అక్కడనుండి ఎవరైన పడి చనిపోయినప్పుడు ఆ దోషము ఇంటివానిమీదనే యుండును. మన ఊళ్ళలో డాబామీద ధాన్యము ఆరబోసుకొనువారికి ఈ సంగతి వేరుగా వివరింపనక్కరలేదు. అయినను ఈ ఆజ్ఞలో మూడు విషయములు గమనింపదగినవి. మొదటిది, మనిషి పడిన తరువాత ఏడ్చుట కాదు, పడకముందే గోడ కట్టుట. రెండవది, ఆ పని ఇంటి యజమానునిది. మూడవది, పడినవాడు చుట్టమా, కూలివాడా అని ధర్మశాస్త్రము అడుగలేదు.

పనిస్థలములో కార్మికుని ప్రాణమును, ఆరోగ్యమును కాపాడు చట్టములన్నిటిలోను ఉన్న భావము ఇదే. ఈ నెల అట్టి గోడలు కట్టించుటకు పాటుపడిన ఒకరి జీవితమును చెప్పుకొందము. శ్రీ వి. వి. గిరిగారు మన దేశమునకు రాష్ట్రపతిగా నుండిరని పెద్దలందరు ఎరుగుదురు. అయితే ఆయన మన ప్రాంతపు ఓట్లతోనే శాసనసభకును లోక్‌సభకును వెళ్ళినవారనియు, మన గరివిడి మీదుగా పోవు రైలుమార్గములోని కార్మికులకు నాయకుడుగా నుండిరనియు మన యౌవనస్థులలో చాలమందికి తెలియదు. ఆయన మన సంఘమునకు చెందినవారు కారు. అయినను గాయపడినవానిని చూచి ఆగినవాడు ఎవడైనను మనకు నేర్పగలడని మన ప్రభువు సమరయుని కథలో చూపెను.

బరంపురమునుండి డబ్లిను వరకు

గిరిగారు 1894వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన బరంపురములో జన్మించిరి. ఆ పట్టణము అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాలో నుండెను. ఇప్పుడు ఒడిశాలో నున్నది. తండ్రి జోగయ్య పంతులుగారు న్యాయవాది, తల్లి సుభద్రమ్మగారు. బరంపురములోని ఖల్లికోట కళాశాలలో చదివిన తరువాత, 1913లో న్యాయశాస్త్రము నేర్చుకొనుటకు గిరిగారు ఓడయెక్కి ఐర్లండు దేశపు ముఖ్యపట్టణమైన డబ్లినునకు వెళ్ళిరి.

ఆ సంవత్సరము డబ్లిను పట్టణము గొప్ప కష్టములో నుండెను. కార్మికులు తమ సంఘమును విడిచిపెట్టవలెనని యజమానులు పట్టుబట్టి, విడువనివారికి పనితలుపులు మూసివేసిరి. ఆగస్టులో మొదలైన ఆ పోరాటములో సుమారు 20,000 మంది కార్మికులు చిక్కుకొనిరి. వారి కుటుంబములు 1914 జనవరి వరకు ఆకలితో గడిపెను. ఆ రోజులలోనే, సెప్టెంబరు 2వ తేదీ రాత్రి, చర్చ్ స్ట్రీట్ అను వీధిలో పేదలు కాపురముండు రెండు పాత ఇండ్లు కూలి 7గురు చనిపోయిరి. గిరిగారు చదువుకొనబోయిన ఊరు ఆనాడు అట్లుండెను. కళాశాలలో చట్టము చదువుచు, వెలుపలకు వచ్చి చూచినప్పుడు ఆ చట్టము పేదవాని గుమ్మము వరకు రాలేదని ఆయన తెలిసికొనిరి.

అక్కడి కార్మిక నాయకుడగు జేమ్స్ కొనొలీ ప్రభావము ఆయనమీద బలముగా పడెను. 1916లో ఐరిష్ ప్రజలు స్వాతంత్ర్యము కొరకు తిరుగబడినప్పుడు కొనొలీకి మరణశిక్ష విధింపబడెను. ఆ ఉద్యమముతో సంబంధమున్నదని గిరిగారిని దేశము విడిచిపొమ్మనిరి. ఆయన బారిష్టరు పట్టము పొంది, 1916లోనే స్వదేశము చేరిరి.

రైలుపట్టాల ప్రక్కన

బరంపురములో ఆయన వకీలుగా పనిచేసిరి. తండ్రివలె ధనము, పేరు సంపాదించి నెమ్మదిగా బ్రదుకవచ్చును. కాని ఆయన స్వాతంత్ర్యోద్యమములో చేరిరి. 1922లో మద్యము దుకాణములకు వ్యతిరేకముగా పనిచేసినందున చెరసాలకు వెళ్ళిరి. తరువాత రైలు కార్మికుల కష్టములు ఆయనను తమ వైపునకు లాగెను.

మన గరివిడి, చీపురుపల్లి స్టేషనులమీదుగా వాల్తేరునకు పోవు మార్గము ఆ దినములలో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ కంపెనీ పెద్ద కార్ఖానా ఖరగ్‌పూరులో నుండెను. తెలుగు కుటుంబములు అనేకములు పనికొరకు అక్కడికి పోయి స్థిరపడెను. రైలు పని ఎంత ప్రమాదకరమో గ్యాంగుమెన్ కుటుంబములు ఎరుగును. పెట్టెలను కలుపువాడు రెండు పెట్టెల మధ్య నిలువవలెను. బాయిలరు దగ్గర పనిచేయువాడు నిప్పుతోను ఆవిరితోను సావాసము చేయవలెను. పట్టాలు మార్చువాడు నిద్రలేక అలసియుండినయెడల, తన ప్రాణమే కాదు, బండిలోని వందలమంది ప్రాణములు ప్రమాదములో పడును. కావున పనిగంటలు తగ్గించుట కేవలము సుఖము కొరకు కాదు; అదియు ఒక పిట్టగోడయే.

మన దేశములో 1923లో కార్మికుల నష్టపరిహారపు చట్టము పుట్టి, 1924 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చెను. పని చేయుచుండగా పనివలన దెబ్బతగిలినవానికిగాని, చనిపోయినవాని కుటుంబమునకుగాని యజమాని సొమ్ము చెల్లింపవలెనని దాని సారము. యజమాని తప్పు చేసెనని కూలివాడు రుజువు చేయనక్కరలేదు. అయితే ఆ చట్టములోనే మరియొక మాట కలదు. మద్యపు మత్తులో నుండి దెబ్బతగిలించుకొన్నవానికిని, భద్రత కొరకు ఇచ్చిన ఆజ్ఞను బుద్ధిపూర్వకముగా మీరినవానికిని, యంత్రమునకు అమర్చిన రక్షణను కావలెనని తీసివేసినవానికిని ఆ గాయమునకు పరిహారము రాదు. హక్కును బాధ్యతను ఒకే చట్టములో ప్రక్కప్రక్కన వ్రాసిరి. మద్యము దుకాణములను ఎదిరించి చెరసాలకు వెళ్ళిన గిరిగారికి ఈ రెండవ సంగతి ఎవరును చెప్పనక్కరలేకపోయెను.

1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూరు కార్ఖానాలో అనేకులను పనిలోనుండి తొలగింపబూనెను. గిరిగారు ముందునిలిచి కార్మికులచేత సమ్మె చేయించిరి. చేతులలో రాళ్ళు పట్టనీయలేదు. ఆకలిగా నున్నవారిని శాంతముగా నిలువబెట్టుట ఎంత కష్టమో ఊహించుకొనుడి. దేశములోని రైలు కార్మిక సంఘములన్నిటిని ఒకటిగా చేర్చిన అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషను స్థాపకులలో ఆయన ఒకరు. ఆ 1927వ సంవత్సరమే జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళిరి. 1930లో రైల్వే చట్టమును సవరించి, ఎడతెగక పనిచేయవలసిన రైలు కార్మికులకు వారమునకు 60 గంటలు మించి పని పెట్టరాదని నిర్ణయించిరి. ఇది ఒక్క మనిషివలన జరిగినది కాదు. అనేకులు కలిసి నిలిచినందుననే జరిగెను. సంఘముగా కూడి నిలుచుటలోని బలము మనకు క్రొత్త సంగతి కాదు గదా.

బొబ్బిలినుండి ఢిల్లీకి

1937 ఎన్నికలలో గిరిగారు మన పొరుగుననున్న బొబ్బిలిలో నిలిచిరి. ఎదుట నిలిచినవారు సాక్షాత్తు బొబ్బిలి రాజాగారు. మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా నుండినవారు. జమీందారునకు ఎదురాడుట పల్లెలలో ఎంత సాహసమో మన తాతలు ఎరుగుదురు. అయినను ప్రజలు గిరిగారిని గెలిపించిరి. రాజాజీగారి మంత్రివర్గములో ఆయన కార్మిక, పరిశ్రమల మంత్రియై 1939 వరకు పనిచేసిరి. క్విట్ ఇండియా ఉద్యమకాలములో మరల చెరసాల అనుభవించిరి. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గములో మరల కార్మిక మంత్రియైరి. 1947లో స్వతంత్ర భారతదేశపు హైకమీషనరుగా సింహళమునకు వెళ్ళి 1951 వరకు ఉండిరి.

1952లో శ్రీకాకుళము ప్రాంతపు పాతపట్నం నియోజకవర్గమునుండి లోక్‌సభకు ఎన్నికై, కేంద్ర ప్రభుత్వములో కార్మిక మంత్రియైరి. ఆయన ఆ పదవిలో చేరిన కొద్ది వారములకే, అనగా 1952 జూలై 1వ తేదీన, క్రొత్త గనుల చట్టము అమలులోనికి వచ్చెను. ఆ చట్టమును పార్లమెంటు అంతకుముందే చేసియుండెను. అమలు చేయించుట ఆయన వంతు వచ్చెను. త్రాగుటకు మంచినీరు, ప్రథమచికిత్స సామగ్రి, వారమునకు ఒక దినము సెలవు, పనిగంటలకు హద్దు, ప్రమాదము జరిగినప్పుడు అధికారులకు తెలియజేయుట, గనిని ఇన్‌స్పెక్టరు వచ్చి చూచుట, ఇవన్నియు అందులో నుండెను. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీననే ప్రావిడెంటు ఫండు పథకము మొదలై, సిమెంటు, ఇనుము, నూలు బట్ట మొదలగు 6 పరిశ్రమలలోని కార్మికులకు ముసలితనమున కొంత ఆధారము కల్పించెను. 1953లో పారిశ్రామిక వివాదముల చట్టమును సవరించి, పనినుండి తొలగింపబడినవానికి అతడు పనిచేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల జీతము చొప్పున పరిహారము ఇయ్యవలెనని నిర్ణయించిరి. ఖరగ్‌పూరులో ఏ తొలగింపులను గూర్చి 26 సంవత్సరములకు ముందు పోరాడిరో, ఆ కష్టమునకు చట్టములో ఒక జవాబు ఆయన కాలములో వచ్చెను.

కంటికి కనబడని గొయ్యి

గనుల చట్టము మనకు దూరపు సంగతి కాదు. దేశములో మాంగనీసు త్రవ్వకము మొదట ఆరంభమైనది మన ప్రాంతముననే, 1892లో. కోడూరు, గర్భాం గనుల పేరు భూగర్భశాస్త్ర గ్రంథములలో కలదు. తరువాత 1955లో ఏర్పడిన ఫెర్రో అల్లాయిస్ కార్పొరేషను గరివిడిలో కొలుములు పెట్టి, మాంగనీసు రాతిని కరిగించి ఉక్కు పరిశ్రమకు కావలసిన లోహమును తయారుచేయసాగెను. మన పల్లెలలో ఆ గనుల మట్టి, ఆ కొలుముల వేడి ఎరిగిన కుటుంబములు అనేకములు.

గొయ్యి కంటికి కనబడును. దానిలో పడకుండ మనిషి జాగ్రత్తపడును. మాంగనీసు దుమ్ము, పొగ అట్లు కాదు. అనేక సంవత్సరములు ఎక్కువగా పీల్చినవానికి అది మెదడునకు చేరి నరములను చెరుపగలదు. మొదట నీరసము, చిరాకు, నిద్ర చెడుట కనబడును. తరువాత నడక మారును, ముఖములో కదలిక తగ్గును, మాట మెల్లబడును, చేతులు వణకును. వెనుకకు నడువబోయి పడిపోవుట కలదు. పల్లెలో దీనిని గాలి సోకినదనియో, వయస్సు మీదపడినదనియో అనుకొని ఊరుకొనవచ్చును. నరములు చెడిన తరువాత దానిని పూర్తిగా బాగుచేయు మందు లేదు. మొదటి గురుతులు కనబడినప్పుడే ఆ దుమ్మునకు దూరముగా తీసికొనిపోవుట ముఖ్యము. అందువలననే 1948 ఫ్యాక్టరీల చట్టములో మాంగనీసు విషవ్యాధిని తప్పక తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చిరి. అనగా చికిత్స చేయు వైద్యుడు దానిని ప్రభుత్వమునకు వ్రాసి తెలుపవలెను. ఒకని వ్యాధి పట్టికకు ఎక్కినయెడల, అతని ప్రక్కన నిలిచి పనిచేయు పదిమంది రక్షింపబడవచ్చును.

పదవిని విడిచిన దినము

గిరిగారి జీవితములో అందరు తెలిసికొనవలసిన సంఘటన 1954లో జరిగెను. బ్యాంకు ఉద్యోగుల జీతములను గూర్చి న్యాయస్థానమువంటి ట్రిబ్యునలు ఒక తీర్పు చెప్పెను. ప్రభుత్వము ఆ తీర్పును మార్చి, ఉద్యోగులకు రావలసినదానిని తగ్గించెను. ఇరుపక్షములు ఒక పెద్దమనిషి యొద్దకు వచ్చి తీర్పు పొందిన తరువాత, బలవంతుడు దానిని తనకు తోచినట్లు మార్చినయెడల బలహీనుడు ఇక ఎవరిని నమ్మవలెను? గిరిగారు ఆ సంగతిలో ప్రభుత్వముతో ఏకీభవింపలేక మంత్రిపదవికి రాజీనామా చేసిరి. తరువాత విచారణ కమీషను ఏర్పడెను. 1955లో చేసిన చట్టము ఆ ట్రిబ్యునలు తీర్పునే కొన్ని మార్పులతో నిలబెట్టెను.

ఆయన కార్మికులకు మాత్రమే బుద్ధి చెప్పినవారు కారు, యజమానులను మాత్రమే నిందించినవారును కారు. కోర్టుల చుట్టు తిరుగుటకంటె ఇరుపక్షములు ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొని, ఇచ్చిన మాటను నిలుపుకొనవలెనని ఆయన దృఢముగా నమ్మిరి. ఆ నమ్మకము కొరకు పదవిని వదులుకొనిరి. కూలివాని జీతమును బిగబట్టినవానికి విరోధముగా ఆ కూలియే మొఱ్ఱపెట్టునని యాకోబు వ్రాసిన పత్రికను చదువు మనకు ఈ సంగతి సులభముగా అర్థమగును.

1957లో పార్వతీపురము ఎన్నికలో గిరిగారు ఓడిపోయిరి. తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరుగాను, 1967లో ఉపరాష్ట్రపతిగాను, 1969 ఆగస్టు 24వ తేదీనుండి 1974 వరకు రాష్ట్రపతిగాను ఉండిరి. రాష్ట్రపతిగా ఆయన ఆమోదించిన చట్టములలో ఒకటి మన కూలి కుటుంబములకు మిక్కిలి ముఖ్యము. అది 1970 సెప్టెంబరు 5వ తేదీన ఆమోదము పొందిన కంట్రాక్టు కార్మికుల చట్టము. 20 మంది లేక అంతకు మించిన కంట్రాక్టు కూలీలున్న చోట త్రాగునీరు, మరుగుదొడ్లు, ప్రథమచికిత్స ఉండవలెను. కంట్రాక్టరు ఏర్పాటు చేయనియెడల అసలు యజమానియే చేయవలెను. కంట్రాక్టరు జీతము ఎగవేసినయెడల అసలు యజమానియే చెల్లింపవలెను. ఇల్లు ఎవనిదో పిట్టగోడ బాధ్యత వానిదే. మేస్త్రిమీదికి నెట్టివేయుటకు వీలులేదు.

గిరిగారికి 1975లో భారతరత్న బిరుదు లభించెను. 1980 జూన్ 24వ తేదీన మద్రాసులో ఆయన మరణించిరి. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ నేడు ఆయన పేరుతోనే నడుచుచున్నది.

నేడు మన చేతిలో నున్నది

గిరిగారి కాలపు చట్టములు ఇప్పుడు ఆ పేర్లతో లేవు. 1948 ఫ్యాక్టరీల చట్టము, 1952 గనుల చట్టము, 1970 కంట్రాక్టు కార్మికుల చట్టము, ఇవన్నియు 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య, పనిపరిస్థితుల కోడులో కలిసిపోయినవి. అది 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. నష్టపరిహారపు నియమములు సామాజిక భద్రత కోడులో చేరినవి. పేర్లు మారినను ముఖ్యమైన సంగతులు నిలిచియున్నవి. వాటిని మన పనివారు గురుతుపెట్టుకొనవలెను.

పనిస్థలమును అపాయము లేకుండ ఉంచుట యజమాని విధి. భద్రత కొరకు ఇచ్చు టోపీ, బూట్లు, ముసుగు మొదలగువాటికి కూలివానియొద్ద సొమ్ము పట్టుకొనరాదు. నిర్ణయింపబడిన వయస్సు, తరగతివారికి సంవత్సరమునకు ఒకసారి యజమాని ఖర్చుతో వైద్యపరీక్ష చేయింపవలెను. పనిలోని అపాయమును గూర్చి అడిగి తెలిసికొను హక్కు పనివానికి కలదు. ప్రాణాపాయము దగ్గరపడినదని తోచినప్పుడు యజమానికిని, ఇన్‌స్పెక్టరునకును తెలియజేయు హక్కును కలదు. మాంగనీసు విషవ్యాధి ఈ కోడు పట్టికలోను ఉన్నది. అయితే కంట్రాక్టు కూలీలకు సంబంధించిన భాగము 20 మందికి బదులు ఇప్పుడు 50 మంది ఉన్న చోటనే వర్తించును. కాబట్టి చిన్న కంట్రాక్టరు క్రింద పోవువారు మరింత మెలకువగా ఉండవలెను.

పనివాని విధులును అక్కడే వ్రాసియున్నవి. తన ఆరోగ్యమును, తనవలన హాని కలుగగల తోటివాని ఆరోగ్యమును కాపాడుకొనవలెను. ఇచ్చిన రక్షణ సామగ్రిని వాడవలెను, చెడగొట్టరాదు. అపాయకరమైనది చూచినప్పుడు మౌనముగా దాటిపోక పైవారికి చెప్పవలెను. ఉక్కపోతగా నున్నదని ముసుగు తీసి జేబులో పెట్టుకొనువాడును, తొందరపడి యంత్రపు కాపుదలను విప్పువాడును, త్రాగి కొలిమి దగ్గరకు వెళ్ళువాడును పిట్టగోడను తన చేతులతోనే కూల్చుచున్నాడు.

మన సంఘములలో కూలికి పోవువారు మాత్రమే లేరు. ఇల్లు కట్టించువారు, బావి త్రవ్వించువారు, ట్రాక్టరు నడిపించువారు, నలుగురు కూలీలను పెట్టుకొన్న మేస్త్రీలు కలరు. అంత చిన్న పనికి ఏ ఇన్‌స్పెక్టరును రాడు. అక్కడ పరంజా కఱ్ఱలు గట్టివా, బావిలో దిగువానికి తాడు ఉన్నదా, మందు చల్లువాని ముఖమునకు గుడ్డ ఉన్నదా అని చూడవలసినవారు మనమే.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. మన ఇంటినుండి పనికి పోవువారు అక్కడ ఏ అపాయముల మధ్య నిలుచుచున్నారో మనము ఎప్పుడైన అడిగి తెలిసికొంటిమా?

2. మనయొద్ద పనిచేయువారికి ఈ వారము మనము కట్టవలసిన పిట్టగోడ ఏది?

3. గనిలోను కొలిమిలోను పనిచేసి ఇప్పుడు నడక తడబడుచున్న పెద్దలు మన వీధిలో నున్నయెడల, వారిని వైద్యునియొద్దకు తీసికొనిపోయి, వారు ఏ పని ఎన్ని సంవత్సరములు చేసిరో వైద్యునికి చెప్పువారు ఎవరు?